బుకిట్ సలాసి పొలిమేర

బుకిట్ సలాసి కొత్త ఊరు,
కౌలా సెలంగోర్ జిల్లా,
31 మే 1953

బావకు కూర్మయ్య నమస్కరించి రాసేది.

ఇక్కడ నేనూ పాపాయీ పిల్లలూ బాగున్నాం. హుటాన్ మెలింటాంగ్‌లో నువ్వూ అక్కా రత్నావతీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావా, నీ బావమరిది ఇప్పుడు ఉత్త ఎస్టేటు క్లర్కు కాదు. మా ఊరికి మొట్టమొదటి లోకల్ కౌన్సిల్ ఎన్నికలు జరిగాయి. తొమ్మిది కుర్చీలకి పదహారుమంది నిలబడ్డాం. నూట నలభై మూడు ఓట్లతో నేను నెగ్గాను. పాపాయి ఓటు కూడా నాకే పడిందని అనుకుంటున్నాను, అడిగితే చెప్పడం లేదు.

రెండేళ్ళ కిందట కూలి లైన్ల ఇళ్ళు పీకేసి, చుట్టుపక్కల తోటలవాళ్ళనీ, కూరగాయలు పండించుకునే చీనావాళ్ళనీ లారీల్లో తెచ్చి ఇక్కడ దింపినప్పుడు ఇది ఊరవుతుందని ఎవరూ అనుకోలేదు. ఇప్పుడొచ్చి చూడు. రెండు వందల పన్నెండు ఇళ్ళు, పద్నాలుగు కుళాయిలు, ఒక బడి, వారానికి రెండు రోజులు నర్సు వచ్చే మందుల గది, రేకుల కప్పు వేసిన కౌన్సిల్ హాలు. మొదటి మీటింగులో జిల్లా ఆఫీసరు దొర అధ్యక్షుడిగా కూర్చున్నాడు. మురికి కాలవల గురించే గంటన్నర మాట్లాడుకున్నాం. కొట్టు నడిపే లిమ్ తౌకే వీధి దీపాలు కావాలన్నాడు. కల్లు దుకాణం వెనక ఇంకో కుళాయి వెయ్యాలని అరుముగం పట్టుబట్టాడు. నేను వీధులకి పేర్లు పెట్టాలన్నాను. అందరూ తలలూపారు గాని ఎవరి పేరు పెట్టాలో తేలలేదు.

ఊరి చుట్టూ రెండు వరసల ముళ్ళకంచె, నాలుగు మూలలా కావలి మంచెలు. గేటు పొద్దున్న ఆరింటికి తీసి సాయంత్రం ఆరింటికి మూస్తారు. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకి తిండి అందకూడదని గేటు దాటి గుప్పెడు బియ్యం కూడా పోనివ్వరు. రబ్బరు చెట్లు గీసే కూలీలు నీళ్ళ సీసా తప్ప ఏదీ పట్టుకెళ్ళరు. ఆ ఆర్డరు తమిళంలోనూ తెలుగులోనూ మైకులో చదివి వినిపించింది నేనే.

ఇప్పుడు అసలు సంగతి. ఎన్నికల ముందు మన మరిడమ్మ తల్లికి మొక్కుకున్నాను, నెగ్గితే పొలి చల్లిస్తానని. అమ్మవారి రాయి పాత లైన్ల దగ్గరే ఉండిపోయింది, గేటుకి అరమైలు అవతల. రెండేళ్ళుగా పొలిమేరలో పొలి పడలేదు. ఆ రెండేళ్ళలో మనవాళ్ళ ఇళ్ళలో నలుగురు పిల్లలు జ్వరాలతో పోయారు. కోడి రక్తం, పసుపు, కుంకుమ కలిపి చల్లే ఆ ఎర్రన్నం ఆడపడుచు చేత్తోనే మోయించాలని నీకు తెలుసు. నాకున్నది ఒక్క అక్క. జూన్ ఇరవయ్యెనిమిది ఆదివారం పండగ. నాలుగు రోజుల ముందే పంపు. గేటు సంగతి నేను చూసుకుంటాను, కౌన్సిలరు అన్నాక ఆ మాత్రం పలుకుబడి ఉండదా?

నీ బావమరిది,
కూర్మయ్య, కౌన్సిలరు


హుటాన్ మెలింటాంగ్,
8 జూన్ 1953

కౌన్సిలరు దొరగారికి, పడవలు చెక్కుకుని బతికే బావ అప్పన్న దండాలు పెట్టి, ఎవరిచేతా రాయించకుండా సొంతంగా రాసే ఉత్తరం.

నీ ఊరి వైభవం రత్నావతి చేత రెండుసార్లు చదివించుకున్నాను. పద్నాలుగు కుళాయిలు, నాలుగు మంచెలు, ఒక కూర్మయ్య. అలకగానే పండగ కాదురా. కంచె వేసినంత మాత్రాన ఊరయిపోతే మా కోళ్ళ గూడు కూడా ఊరే. అయినా నెగ్గావు, సంతోషం. మీ అక్క ఆ కబురు వీధంతా చెప్పి వచ్చింది.

నా సంగతి ఏం బాగోలేదు. పోయిన వారం పడవ దుంగ జారి ఎడమ కాలి మీద పడింది. ఎముక విరిగింది. ఎనిమిది వారాలు కాలు కింద పెట్టొద్దని డ్రెస్సరు కట్టు కట్టాడు. మంచం మీద పడుంటే మనిషికి నోరు పెరుగుతుంది. నీ ఉత్తరం వచ్చినప్పుడు మీ అక్కతో, "నా కాలిరిగి పడుంటే నీకు తమ్ముడి పండగ కావలసొచ్చినాదేటి?" అన్నాను. "తమ్ముడి పండగ కాదు, అమ్మోరి పని" అంది. "అలగైతే అటునుంచి అటే ఓడెక్కి ఇండియా పో" అన్నాను.

ఆ మాట నాకు ఊతపదమని నీకూ తెలుసు. పెళ్ళినాటి నుంచీ కూరలో ఉప్పు ఎక్కువైనా అంటాను, తక్కువైనా అంటాను. ఆమె రుంగ్‌కుప్ తోటలో పుట్టింది, ఓడ మొహం ఎరగదు. చీపురుపల్లి నుంచి ఎనిమిదేళ్ళప్పుడు ఓడెక్కి వచ్చినవాణ్ణి నేను. ఎప్పుడూ నవ్వేసి, "దారి నీకే తెలుసు, ముందు నువ్వెక్కు" అనేది. ఈసారి బట్టలు మూట కట్టుకుంది.

ఇరవై నాలుగున ముత్యాలు నడిపే బస్సులో పంపుతాను. పండగైన మూడో రోజుకి నా ఇంట్లో ఉండాలి. రత్నావతి వండిన అన్నం తినడం నా వల్ల కావడం లేదు, పదకొండేళ్ళ పిల్లని తిట్టడమూ చేతకావడం లేదు.

మీ బావ,
అప్పన్న


బుకిట్ సలాసి,
2 జూలై 1953

బావకు కూర్మయ్య నమస్కారాలు.

పండగ జరిగింది. నీ కాలు ఎలా ఉంది? కట్టు విప్పేదాకా కదలకు, ప్రయాణాలేవీ పెట్టుకోకు.

అక్క ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉండాలి. కౌన్సిల్ పనులతో నాకు ఊపిరాడటం లేదు, అందుకని వివరంగా రాయలేకపోతున్నాను. అక్క పుట్టిన కాయితం నీ పెట్టెలో ఉందని పాపాయి అంటోంది. అది వెంటనే రిజిస్టరు తపాలాలో పంపు. ఊరి జాబితాలో రాసుకోవడానికి కావాలి.

అక్క ఏమంటోందని అడుగుతావేమో. ఏమీ అనడం లేదు. ఎవరితోనూ మాట్లాడటం లేదు. నువ్వు దిగులు పడకు.

కాయితం మరిచిపోకు బావా.

కూర్మయ్య


హుటాన్ మెలింటాంగ్,
7 జూలై 1953

కూర్మయ్యకు అప్పన్న రాసేది.

నీ ఉత్తరం ఇంత పొట్టిగా ఉండటం ఇదే మొదలు. తుమ్మినా పేజీ రాసేవాడివి.

మాట్లాడటం లేదంటే నాకు అర్థం కాలేదనుకున్నావా? ఇరవై ఏళ్ళ కాపురంలో మీ అక్క అలక ఎన్నిసార్లు చూశాను! కానీ ఎప్పుడూ రెండు పూటలు దాటలేదు. ఇప్పుడు పుట్టింటి పంచ చేరి, పుట్టిన కాయితం కూడా తెప్పించుకుంటోంది. ఊరి జాబితాలో రాస్తావా? నీ ఊరి మనిషిగా రాస్తావా? ఒక ఓటు పెరుగుతుందని మీ అక్క కాపురం కూలుస్తావా?

ఓడ మాట అన్నాను. తప్పే. నీ చేత చెప్పించుకోవడం నాకు సిగ్గుగా ఉంది, అయినా చెప్పు, తప్పే అన్నాడని. కాయితం మాత్రం పంపను. కావాలంటే ఆమే వచ్చి నా పెట్టె తీసి పట్టుకుపొమ్మను. వచ్చినప్పుడు ఆమె ముందు లెంపలు వేసుకుంటానో, తిడతానో అప్పుడు చూసుకుంటాను.

రత్నావతి ప్రతి సాయంత్రం బస్సు దగ్గరికి వెళ్ళి వస్తోంది. అది కూడా చెప్పు.

అప్పన్న


బుకిట్ సలాసి,
12 జూలై 1953

బావా,

కాళ్ళు పట్టుకుంటాను. కాయితం పంపు. నా మీద కోపమైతే తరవాత నాలుగు తన్ను, పడతాను. నా ఊరి జాబితా కాదు, ఓటు కాదు, నువ్వు అనుకుంటున్నదేదీ కాదు. ఆగస్టు ఆరు దాటాక ఆ కాయితం ఉన్నా లేకపోయినా ఒకటే.

నీ మాట అక్కతో చెప్పాను, తప్పే అన్నాడని. విందో లేదో తెలియదు. నన్ను చూడగానే పిడికిలి బిగించి, చెయ్యి ముందుకు చాచి, వేళ్ళు విప్పి విదిలిస్తుంది. మళ్ళీ మళ్ళీ అలాగే చేస్తుంది. నన్ను పొమ్మంటోంది. పొమ్మనడానికి ఆమెకి కారణం ఉంది బావా. ఆ కారణం నేను ఉత్తరంలో రాయలేను. ఇక్కడి ఉత్తరాలు ఒక్కోసారి గేటు దగ్గర విప్పుతారు.

వారానికోసారి వెళ్ళి చూసి వస్తున్నాను.

కూర్మయ్య


హుటాన్ మెలింటాంగ్,
17 జూలై 1953

ఒరే కూర్మిగా,

ఈ ఉత్తరం ముత్యాలు చేతికి ఇస్తున్నాను, గేటు దగ్గర ఎవడు విప్పుతాడో విప్పనీ. రెండు పూటలా నీ ఇంట్లో ఉన్న మనిషిని వారానికోసారి వెళ్ళి చూడటం ఏమిటిరా? అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. నీ ఉత్తరం చదివి ఆ లైను దగ్గర ఆగిపోయాను. ముత్యాలుని పిలిపించాను. వాడు రెండు వారాలుగా మా వీధిలోకి రాకుండా తప్పించుకు తిరుగుతున్నాడని అప్పుడు తెలిసింది. "సెప్పొద్దని కూర్మయ్య ఒట్టు పెట్టినాడు మామా" అంటూ ఏడ్చేశాడు.

నా పెళ్ళాం పంతొమ్మిది రోజులుగా పోలీసు లాకప్‌లో ఉందట. గేటు దగ్గర చెంబుడు ఎర్రన్నంతో పట్టుకున్నారట. అడవిలోవాళ్ళకి తిండి మోస్తోందని రాసుకున్నారట. ఈ దేశంలో పుట్టినట్టు రుజువు లేకపోతే ఆరో తారీకు ఓడలో ఇండియా పంపేస్తారట. ఓడలో! ఇరవై ఏళ్ళుగా నేను నవ్వుతాలుకి అన్నమాట సర్కారు నిజం చేస్తోంది. ఆమెని ఆపే కాయితం నా మంచం కింద పెట్టెలో పెట్టుకుని, పంపను పొమ్మని నీకు రాశాను. పది రోజులు పోయాయి. నిన్ను తిట్టాలని కలం పట్టాను గాని నన్ను నేను ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

కాయితం ఇదే ఉత్తరంలో పెట్టాను. ముత్యాలు నీ చేతికే ఇస్తాడు.

ఇంకోటి. బుర్ర పెట్టి చదువు. మీ అక్క నిన్ను పొమ్మనడం లేదు. పిడికిలి బిగించి, చాచి, విప్పితే ఏమిటిరా అది? పొలి చల్లడం కాదా? పొలి మోసిన మనిషి చెంబు ఎత్తుకున్నప్పటి నుంచీ ఆఖరి మెతుకు పొలిమేరలో పడేదాకా నోరు విప్పకూడదు. విప్పితే ఆ కీడు ఊరి మీదే పడుతుంది. జపానువాళ్ళ కాలంలో ఒకసారి వాన వచ్చి వాగు పొంగితే, చెంబు నెత్తిన పెట్టుకుని రెండు రోజులు అవతల గట్టున కూర్చుంది. నేను ఇవతల నుంచి ఎంత అరిచినా పలకలేదు. నువ్వు ఇంగ్లీషు చదివి ఇవన్నీ మరిచిపోయావు. ఆమె పొలి ఇంకా చెంబులోనే ఉంది. వాళ్ళు కొట్టినా, ఓడెక్కించినా పలకదు.

తోడబుట్టినవాడు చల్లినా చెల్లుతుంది. చల్లి, ఖాళీ చెంబు ఆమె ముందు బోర్లించు. అప్పుడే మాట్లాడుతుంది. ఎలా చల్లుతావో నాకు తెలియదు. కౌన్సిలరువి కదా, గేటు సంగతి చూసుకుంటానన్నావు కదా. చూసుకో.

అప్పన్న


బుకిట్ సలాసి,
29 జూలై 1953

బావకు,

ముందు మంచి మాట చెప్పేస్తాను. అక్క ఓడెక్కదు. నిన్న విడిచిపెట్టారు. పాపాయి తల దువ్వుతోంది. శనివారం ముత్యాలు బస్సులో వస్తుంది.

ఇక చెడ్డ మాట. అది నా గురించి. లాకప్‌లో ఉందని రాస్తే నువ్వు విరిగిన కాలితో వస్తావని భయపడి రాయలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం.

ఆడవాళ్ళని గేటు దగ్గర వెతకరు అని అక్కకి చెప్పింది నేను. చెంబు కొంగు కింద పెట్టుకొమ్మన్నది నేను. ఆ పొద్దున్నే ఆడ కానిస్టేబులు కొత్తగా డ్యూటీకి వచ్చింది. కేకలు విని నేనూ పరుగెత్తాను. కౌన్సిలరుని కదా, ఇన్స్పెక్టరు నన్నే దుబాసీగా నిలబెట్టాడు. "ఈవిడ ఎవరు?" అన్నాడు. మా అక్క అన్నాను. "ఈ అన్నం ఎవరికి?" అన్నాడు. నాకు తెలియదు అన్నాను. అక్క నా పక్కనే ఉంది బావా. నా మొహంలోకి చూసింది. ఆర్డరు చదివినవాడే ఆర్డరు తప్పాడంటే సీటు పోతుంది, ఉద్యోగం పోతుంది, నన్నూ పట్టుకుంటారు అనుకున్నాను. అన్నం ఎర్రగా ఉండటం చూసి, ఎర్రవాళ్ళ గుర్తేమోనని మూట కట్టి కౌలాలంపూరుకి పరీక్షకి పంపారు. అప్పుడు కూడా నోరు మెదపలేదు. అక్క పలకకపోతే నన్ను కాపాడటానికే అనుకున్నాను. ఆ మాట తలుచుకుని ఏడ్చాను గాని, బయటికి వచ్చి నిజం చెప్పలేదు. ఆమె మాత్రం నా కోసం కాదు, ఊరి కోసం ఊరుకుంది. నీ ఉత్తరం చదివాకే నాకు అది తెలిసింది.

ఇరవై నాలుగో తారీకు కౌన్సిల్ మీటింగు. కాలవల సంగతి అయిపోయాక లేచి నిలబడ్డాను. ఆ అన్నం నాది, మొక్కు నాది, పంపింది నేను అని జిల్లా ఆఫీసరు దొరతో చెప్పేశాను. దొర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నిన్ను కేసులో పెట్టాలి, తెలుసా?" అన్నాడు. తెలుసు అన్నాను. పెట్టే ముందు ఆ పొలి చల్లనివ్వండి అన్నాను.

దొర ఊరి మ్యాపు తీసి బల్ల మీద పరిచాడు. కంచె మీదుగా గీసిన గీత చూపించి, "ఇదే మీ ఊరి హద్దు. రాయి హద్దు బయట ఉంది. బయటికి తిండి వెళ్ళకూడదు" అన్నాడు. అప్పుడు లిమ్ తౌకే లేచాడు. ఎప్పుడూ దీపాల గురించి తప్ప మాట్లాడనివాడు. "నా ముల్లంగి మళ్ళు ఆ గీతకి బయటే ఉన్నాయి. వాటికి పన్ను మాత్రం ఈ కౌన్సిలే తీసుకుంటోంది. బయటివైతే నా డబ్బు వెనక్కి ఇవ్వండి" అన్నాడు. అరుముగం బల్ల మీద చేత్తో కొట్టాడు. "సుడుగాడు కూడా బయటే ఉంది లా! మా నాయన్ని అక్కడే పెట్టినాం. సచ్చినోడు ఊరోడు కాకుండా పోతాడా?" అన్నాడు. అతనికి తమిళంతో పాటు మన తెలుగు కూడా వచ్చని ఆ రోజే తెలిసింది.

గంటసేపు వాదన జరిగింది. ఊరంటే కంచె లోపలిదా, మనుషులు పండించుకునే చోటు, పాతిపెట్టుకునే చోటు, మొక్కుకునే చోటు కూడానా? చేతులెత్తమంటే ఏడు లేచాయి. ముల్లంగి మళ్ళూ, శ్మశానం, మరిడమ్మ రాయీ బుకిట్ సలాసి హద్దులోవే అని తీర్మానం రాశారు. దొర సంతకం పెట్టాడు. "హద్దు మీది, కంచె మాత్రం పోలీసులది" అంటూనే ఇన్స్పెక్టరుకి చీటీ రాశాడు. అదే వారం కౌలాలంపూరు నుంచి జవాబు కూడా వచ్చింది, మందూ కాదు మాయా కాదు, కోడి రక్తం, పసుపు, కుంకుమ అని.

పాపాయి కొత్తగా వండి కలిపింది. సోమవారం పొద్దున్నే చెంబు నెత్తిన పెట్టుకుని నేను గేటు దాటాను. ముందు ఇద్దరు, వెనక నలుగురు కానిస్టేబుళ్ళు తుపాకులతో. బయలుదేరే ముందు అన్నం తూకం వేశారు. చల్లాక ఒక్క మెతుకు కూడా అడవిలోవాళ్ళకి అందకూడదని ఇద్దరిని అక్కడే కాపలా ఉంచారు. కాకులూ చీమలూ తినేదాకా రెండు గంటలు ఎండలో నిలబడ్డారట పాపం. నాకు నవ్వు రాలేదు.

అక్కడి నుంచి నేరుగా స్టేషనుకి వెళ్ళి, ఖాళీ చెంబు అక్క ముందు బోర్లించాను. ఆమె దాన్ని తిరగేసి లోపల వేలు పెట్టి చూసింది. ఇరవై తొమ్మిది రోజులు పలకని గొంతు, ముందు గాలే వచ్చింది.

"తూరుపు పక్క సల్లినావా?"

"సల్లినాను అక్కా."

"సుడుగాడి కాడ?"

"అక్కడా సల్లినాను."

"అలగైతే నీల్లియ్యి" అంది.

రెండు గ్లాసులు తాగింది. ఇన్స్పెక్టరు కుర్చీ లాక్కుని కూర్చుని, ఇది ముందే చెబితే నిన్ను ఇన్నాళ్ళు ఉంచేవాళ్ళం కాదు కదా అన్నాడు. నేను తెలుగు చేసి చెప్పాను. "పొలి సల్లకముందు పలికితే ఊరికి కీడు బాబూ. నువ్వూ ఈ ఊల్లోనే ఉన్నావు గదా, నీ పిల్లలూ ఉన్నారు గదా. నీ మేలుకే ఊరకున్నాను" అంది. అది ఒక్కో మాటగా మలాయిలో చెప్పాను.

పుట్టిన కాయితం చూసి ఓడ జాబితాలో ఆమె పేరు కొట్టేశారు. కాయితం ఎందుకు ఆలస్యమైందని అక్క అడిగింది. నిజం చెప్పాను. ఇక అబద్ధాలు ఆడనని అమ్మవారి దగ్గర అనుకున్నాను, క్షమించు.

సీటుకి రాజీనామా ఇచ్చేశాను. ఆగస్టు పద్దెనిమిదిన నా కేసు.

కూర్మయ్య


హుటాన్ మెలింటాంగ్,
10 ఆగస్టు 1953

కూర్మయ్యకు,

మీ అక్క క్షేమంగా చేరింది. బస్సు దిగగానే రత్నావతి వెళ్ళి నడుము పట్టేసుకుంది, ఇంటిదాకా వదల్లేదు. నేను కర్ర ఊతతో గుమ్మంలో నిలబడ్డాను. నన్ను దాటుకుని లోపలికి వెళ్ళింది.

ఆ రోజు నుంచీ పిల్లతో మాట్లాడుతుంది, కోళ్ళతో మాట్లాడుతుంది, చేపలమ్మే ఆవిడతో గంటసేపు మాట్లాడుతుంది. నాకు వేళకి అన్నం పెడుతుంది. ఒక్క మాట లేదు. సత్యహరిశ్చంద్రుడివి అయిపోయావు, సంతోషం. ఇక అబద్ధాలు ఆడనని నా కొంప మీదే మొదలుపెట్టాలా? పుట్టిన కాయితం తిరిగి పెట్టెలో పెట్టమన్నాను. పెట్టలేదు. తన బట్టల మూటలో దాచుకుంది.

నేనేం అనను. నాది అనే నోరు కాదు. లాకప్‌లో ఉన్నప్పటి మౌనానికి కారణం నేను కాదని తెలిసి ఆ రోజు ఊపిరి పీల్చుకున్నాను. ఇప్పటి మౌనం అచ్చంగా నాదే.

నీ కేసుకి వస్తాను. కర్ర ఉంది. నీ మీద కోపం పోలేదు, కానీ ఆ హాల్లో లేచి నిలబడ్డావు చూడు, అది మీ అక్క తమ్ముడు చేసే పనే.

అప్పన్న


హుటాన్ మెలింటాంగ్,
20 అక్టోబరు 1957

బావమరిది కూర్మయ్యకు, మళ్ళీ కౌన్సిలరైనందుకు మళ్ళీ దండాలు.

మూడు నెలలు జైల్లో ఉండి వచ్చినవాణ్ణి మీ ఊరివాళ్ళు అన్ని ఓట్లేసి నెగ్గించారంటే, వాళ్ళకి బుర్రయినా లేకపోవాలి, మనసైనా ఉండాలి. మెర్డేకా, అదే స్వాతంత్ర్యం, వచ్చిందని ఇక్కడా పడవలన్నిటికీ జెండాలు కట్టాం. మీ కంచె పీకేశారని, ఇక పొలి ఎక్కడిదాకా చల్లాలో చెప్పమని అడిగావు. తీర్మానం రాశారు కదా, ముల్లంగి మళ్ళదాకా చల్లండి. లిమ్ తౌకే సంతోషిస్తాడు.

ఇది రాస్తున్నది నిన్న జరిగింది చెప్పడానికి. నాలుగేళ్ళలో మీ అక్క నాతో మాట్లాడటం మొదలుపెట్టింది. ఉప్పు గురించి, పిల్ల చదువు గురించి, కాలు నొప్పి గురించి. అలక ఉందని బయటివాళ్ళకి తెలియదు. కానీ ఆ కాయితం మూటలోనే ఉంది, మళ్ళీ నా పెట్టెలోకి రాలేదు. నేనూ ఓడ మాట ఎత్తలేదు.

పౌరులుగా రాసుకోమని తెలుక్ ఆన్సన్‌లో ఆఫీసు తెరిచారు. ఆమెది ఒక్క నిమిషంలో అయిపోయింది, కాయితం చూపించింది, సంతకం బదులు వేలిముద్ర వేసింది. తరవాత నా వంతు. మలాయి గుమాస్తా, కుర్రవాడే, మర్యాదగా అడిగాడు. ఎక్కడ పుట్టారు? ఇండియాలో. కాయితం ఉందా? లేదు. ఏ ఓడలో వచ్చారు? ఎనిమిదేళ్ళవాణ్ణి, ఓడ పేరు ఎవరికి గుర్తు? పన్నెండేళ్ళుగా ఇక్కడే ఉన్నారని చెప్పే సాక్షి ఎవరైనా ఉన్నారా? నాకు పని ఇచ్చే పడవల తౌకేని తీసుకురావలసింది, నాకు తట్టలేదు. ఈ దేశంలో రుజువు లేని మనిషిని నేనే అని అప్పుడు తెలిసింది కూర్మయ్యా. ఇన్నేళ్ళూ ఆమెని ఓడెక్కమన్నవాణ్ణి, ఓడెక్కించాలంటే నన్నే ఎక్కించాలి.

గుమాస్తా మీ అక్క వైపు తిరిగి, "ఈయన మీకు తెలుసా?" అన్నాడు.

ఆమె పలకలేదు.

గోడకి గడియారం ఉంది. ముల్లు కదులుతోంది. గుమాస్తా మళ్ళీ అడిగాడు. ఆమె నన్నే చూస్తోంది. ఆ గేటు దగ్గర నువ్వు తెలియదన్నప్పుడు ఆమె నీ మొహంలోకి ఎలా చూసి ఉంటుందో నాకు అర్థమైంది. పెట్టె మంచం కింద పెట్టుకుని నేను కాయితం పంపనని రాసిన రోజు కూడా గుర్తొచ్చింది. తెలియదు అంటే అనాలి, ఆ హక్కు ఆమెకి ఉంది అనుకున్నాను.

"తెలుసు. మా ఆయన. పాతికేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. ఎక్కడికీ పంపొద్దు" అని మలాయిలో చెప్పింది.

గుమాస్తా రాసుకుని, ముద్ర వేసి నాకూ ఒక కాయితం ఇచ్చాడు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఆమె పక్కన కూర్చుంది.

"బయమేసినాదా?" అంది.

"ఏసినాది" అన్నాను.

"నాకూ అలగే ఏసినాది, అప్పుడు" అంది.

అక్కడే, ఆ మెట్ల మీదే, మూట విప్పి తన కాయితం నా చేతిలో పెట్టింది. ఆమెదీ నాదీ రెండు కాయితాలూ ఇప్పుడు ఒకే పెట్టెలో ఉన్నాయి. తాళంచెవి మాత్రం తన కొంగుకే కట్టుకుంది.

పాపాయినీ పిల్లల్నీ అడిగానని చెప్పు. వచ్చే పండగకి మేమిద్దరం వస్తాం. చెంబు ఆమె మోస్తుంది, నేను నోరు మూసుకుని వెనకాల నడుస్తాను.

మీ బావ,
అప్పన్న